అలల నడుమ దీపం కాచినవారు

రాత్రివేళ వేటకు వెళ్లిన పడవకు ఒడ్డున కనిపించే దీపం ఎంత ధైర్యమో తీరప్రాంతంలో నివసించే మన పాఠకులకు చెప్పనక్కరలేదు. నేడు చాలాచోట్ల ఆ దీపాలు వాటంతట అవే వెలుగుతున్నాయి. పందొమ్మిదవ శతాబ్దంలో అలా కాదు. దీపస్తంభపు కావలివాడు నూనె మోసుకొని పైకెక్కాలి, వత్తులు కత్తిరించాలి, అద్దాలకు పట్టిన మసి తుడవాలి, తెల్లవారేదాకా మేలుకొని ఉండాలి. తుపాను రాత్రి అందరూ తలుపులు వేసుకుంటారు. కావలివాడు మాత్రం కదలకూడదు. ఓడలకు దీపం ఎక్కువగా కావలసింది ఆ రాత్రే.

అమెరికాలో బోస్టన్ నగరానికి సమీపాన, కొహాసెట్ అనే ఊరికి ఎదురుగా సముద్రంలో మైనట్స్ లెడ్జ్ అనే రాతి తిన్నె ఉంది. దానికి తగిలి ఎన్నో ఓడలు పగిలాయి. అందుచేత ఆ బండను తొలిచి తొమ్మిది ఇనుప స్తంభాలు నిలిపి, వాటిమీద కావలివారి గది, దీపపు గది కట్టారు. అలలు స్తంభాల నడుమనుండి సాగిపోతాయని కట్టినవారి అంచనా. 1850 జనవరి 1న దీపం వెలిగింది.

మొదటి కావలి అధికారి ఐజక్ డన్‌హామ్, గాలికి గది ఊగడం చూసి, దీన్ని బలపరచమని పైవారికి మొరపెట్టుకున్నాడు. వారు పట్టించుకోలేదు. ఏడాది తిరగకముందే అతడు పని మానుకున్నాడు. తరువాత వచ్చిన జాన్ బెన్నెట్ మొదట ఆ భయాన్ని తేలికగా తీసుకున్నా, తుపాను చూశాక తానూ అదే మాట చెప్పాడు.

1851 ఏప్రిల్‌లో బెన్నెట్ పనిమీద ఒడ్డుకు వెళ్లగా పెద్ద తుపాను లేచింది. పడవ ఏదీ తిన్నెను చేరలేకపోయింది. పైన జోసెఫ్ విల్సన్, జోసెఫ్ ఆంటోన్ అనే ఇద్దరు సహాయకులు చిక్కుకుపోయారు. ఈ రాత్రి గడవదని, గది అటూ ఇటూ రెండేసి అడుగులు ఊగుతున్నదని చీటీ వ్రాసి, సీసాలో పెట్టి సముద్రంలో వేశారు. 16వ తేదీ రాత్రి పది గంటల ప్రాంతం వరకు ఒడ్డువారికి దీపం కనిపించింది. అర్ధరాత్రి దాటాక కూడా గంట మోత వినిపించింది. తెల్లవారేసరికి వంగిపోయిన ఇనుప మొండేలు తప్ప అక్కడ ఏమీ లేదు. ఇద్దరూ మరణించారు.

తుపాను అంటే ఒంటరితనం కూడా. మెయిన్ రాష్ట్రపు తీరానికి దూరంగా మాటినికస్ రాక్ అనే దీవిలో, 1856 జనవరిలో, కావలివాడైన శామ్యూల్ బర్జెస్ సరకులకోసం ఒడ్డుకు వెళ్లి తుపానువల్ల తిరిగి రాలేకపోయాడు. అతని కుమార్తె అబీకి అప్పుడు పదహారేళ్లు. జబ్బుతో ఉన్న తల్లినీ, చెల్లెళ్లనూ దీపస్తంభంలోకి చేర్చి, అలలు వచ్చిపడేలోగా కోళ్లను కూడా కాపాడుకొని, తండ్రి వచ్చేదాకా వారాల తరబడి ప్రతి రాత్రీ దీపాలు వెలిగించింది.

మైనట్స్ లెడ్జ్‌మీద ఈసారి రాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కి కొత్త స్తంభం కట్టారు. 1860లో వెలిగిన ఆ కట్టడం ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ మెలకువ ముందే కలిగి ఉంటే రెండు ప్రాణాలు దక్కేవి. మన ఇంట్లోగాని ఊరిలోగాని ఎవరినైనా రాత్రి కాపలాకు నిలిపినప్పుడు, వారి నమ్మకత్వాన్ని మెచ్చుకుంటే చాలదు. కాలికింద నేల కదులుతున్నదని వారు చెప్పినప్పుడు మనం వినాలి.