ముద్దలో ముప్పు

రైల్వే ఉద్యోగాలతో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ చేరిన తెలుగువారు భాష మార్చుకున్నా ఆవకాయను వదల్లేదు. తెలిపారా అయినా మరో పేట అయినా, తెలుగు ఇంట్లో కుక్క ఉంటే యజమాని కంచంలోంచి దానికీ ఓ ముద్ద. గుండె జబ్బున్న కుక్కకు ఆ ముద్దే ముప్పు.

పొమెరేనియన్ లాంటి చిన్న జాతుల్లో వయసు మీరాక గుండె కవాటం దెబ్బతింటుంది. డాబర్‌మన్ లాంటి పెద్ద జాతుల్లో గుండె కండరమే బలహీనపడుతుంది. గుండె నీరసించాక ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలిచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకే పచ్చడి, అప్పడం, చిప్స్ కూడదు. మాత్రను చీజ్‌లో చుట్టి మింగించినా ఉప్పు పెట్టినట్లే.

భయపడి మాంసం మాన్పించి పెరుగన్నంతో సరిపెట్టడం మరో పొరపాటు. జబ్బు ముదిరితే కండ కరిగిపోతుంది. కిడ్నీలు బాగుంటే మాంసకృత్తులు తగ్గించకూడదు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, అన్నం కొద్దికొద్దిగా నాలుగుసార్లు పెట్టొచ్చు. మిగతా పోషకాలు ఎంత కలపాలో పశువైద్యుడే చెప్పాలి. ధాన్యాలు లేని ఖరీదైన ఫుడ్ మేలన్న నమ్మకమూ వద్దు. వాటికి, గుండె కండర జబ్బుకు సంబంధం ఉండొచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో హెచ్చరించింది. కారణం ఇంకా తేలలేదు.

కుక్క నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 30 దాటుతుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.