గడ్డి కట్టకూ ఒక నంబరు

మనలో చాలామందిమి పశువులున్న ఇళ్ళ నుండి వచ్చినవాళ్ళమే. గడ్డివాము తగలబడితే ఏడాది మేత పోయినట్టేనని మనకు తెలుసు.

అమెరికాలోని పెద్ద పొలాల్లో యంత్రం కట్టిన ఎండుగడ్డి కట్టలు వేలల్లో ఉంటాయి. చూడటానికి అన్నీ ఒకటే, తేడా లోపలి తేమలో ఉంటుంది. తేమ 20 శాతం దాటితే సూక్ష్మజీవులు పెరిగి కట్ట వేడెక్కుతుంది, బూజు పడుతుంది. ఒక్కోసారి దానంతటదే అంటుకుని షెడ్డంతా కాలిపోతుంది.

అందుకే కొన్ని యంత్రాలు కట్ట కట్టేటప్పుడే తేమ కొలిచి, తాడుకు ఆర్.ఎఫ్.ఐ.డి. చీటీ చుడతాయి. దానికి బ్యాటరీ అక్కరలేదు. రీడరు పంపే రేడియో తరంగాల నుండే శక్తి తీసుకుని తన నంబరు చెబుతుంది. మన టోల్‌గేట్ల దగ్గర 2021లో తప్పనిసరి అయిన ఫాస్టాగ్‌దీ ఇదే సూత్రం. ఆ నంబరును బట్టి పొలం, తేదీ, బరువు, తేమ కంప్యూటరులో కనిపిస్తాయి. తడి కట్టను వెంటనే వేరు చేయవచ్చు.

చీటీ చవకే, రీడరే ఖరీదు. చిన్న రైతుకు క్యూఆర్ కోడ్ చీటీ, సెల్‌ఫోన్ చాలు. అయితే ప్రతి కట్ట దగ్గరకూ వెళ్ళాలి, చీటీ చిరిగితే చదవలేం. అదీ లేకపోతే కట్టకో నంబరు వేసి, తేమ కొలిచి నోటుబుక్కులో రాసుకుందాం. పరికరం ఏదైనా, తడి గడ్డిని వాములో కలవనివ్వకపోవడమే అసలు పని.