యజమాని నేర్పే విద్య

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతపు ఉపాధి స్వరూపాన్ని చాలావరకు రెండు జలాశయాలు నిర్ణయించాయి. 1908 మూసీ వరదల తర్వాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు కలుషితం కాకుండా కాపాడడానికి 1996లో ప్రభుత్వం 111 నంబరు ఉత్తర్వు జారీ చేసి, వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్యకారక పరిశ్రమలను నిషేధించింది. 2022లో ఆ ఆంక్షలను సడలించినా, ఈలోపు హైదరాబాద్ నగరం పక్కనే ఉన్న ఈ నేలలో కూరగాయల సేద్యం, పూలతోటలు, వాటితోపాటు పాలీహౌస్‌లు, అంటే ఇనుప గొట్టాల చట్రంపై ప్లాస్టిక్ పొర కప్పి లోపలి వేడిని, తేమను అదుపులో ఉంచే సాగు కట్టడాలు, వేళ్లూనుకున్నాయి. తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం పాలీహౌస్‌ల నిర్మాణానికి 75 శాతం రాయితీ ఇచ్చింది. కట్టడానికి దొరికినంత చేయూత అందులో పనిచేసే మనిషి నైపుణ్యానికి దొరకకపోవడమే ఇక్కడి అసలు లోటు.

ఆ నైపుణ్యం చిన్నది కాదు. పాలీహౌస్‌లో పెంచే జర్బరా అనే పూల మొక్కను నాటేటప్పుడు దాని మొదలు మట్టిలో కూరుకుపోతే కుళ్లు తెగులు పట్టుకుంటుంది. పూవును కత్తితో కోయకుండా కాడ అడుగున పట్టి పక్కకు వంచి లాగాలి, లేకపోతే మిగిలిన మోడు కుళ్లి మొక్కకే చేటు తెస్తుంది. డ్రిప్ గొట్టాల ద్వారా నీటితోపాటే ఎరువును అందించే ఫర్టిగేషన్‌లో నీటి ఆమ్లత్వాన్ని, అందులో కరిగిన లవణాల మోతాదును కొలిచి సరిదిద్దాలి. తామర పురుగు, నల్లి ఆకు అడుగున కనిపించిన తొలిరోజుల్లోనే గుర్తించగలిగితే మందు ఖర్చు తగ్గుతుంది. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు పూసే పంట కనుక, మొదటి వారాల్లో చేయి తడబడినందుకు చెల్లించవలసిన మూల్యం ఆ పంటకాలమంతా వెంటాడుతుంది. ఇటువంటి పనిని నల్లబల్ల మీద నేర్పడం సాధ్యం కాదు. పంట నడుస్తున్న చోట, నష్టమొస్తే తానే భరించవలసిన యజమాని పర్యవేక్షణలో నేర్పినప్పుడే అది వంటబడుతుంది. యజమాని చేతిలోని శిక్షణకున్న మొదటి ప్రయోజనం ఇదే: నేర్పేది ఏమిటో అవసరమే నిర్ణయిస్తుంది, నేర్చినదానికి పని అక్కడే ఎదురుగా ఉంటుంది.

ఇందుకు చట్టం కొత్తగా రానక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం, అంటే పని చేస్తూ నేర్చుకునే అభ్యాసకులకు ఒప్పందం, స్టైపెండ్ ఉండాలని నిర్దేశించిన చట్టం, 30 మంది లేదా అంతకుమించి పనివారున్న సంస్థలు వారి సంఖ్యలో కనీసం 2.5 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలంటుంది. 2014 సవరణతో పాఠ్యక్రమాన్ని యజమానే రూపొందించుకునే ఐచ్ఛిక వృత్తులకూ వీలు కలిగింది. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతును, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. అయినా కొద్దిమంది పనివారితో నడిచే తోట యజమాని దీనికి ముందుకు రాకపోవడానికి బలమైన కారణమే ఉంది: తాను ఖర్చుపెట్టి నేర్పిన మనిషిని పక్క తోటవారు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి తీసుకుపోతారన్న భయం.

ఆ భయానికి విరుగుడు కూడా అదే చట్టంలో ఉంది, కానీ దాని సంగతి చర్చకు వచ్చేది తక్కువ. పలువురు యజమానులు చేయి కలిపి, అప్రెంటిస్‌లను ఒకరి సంస్థ నుంచి మరొకరి సంస్థకు తిప్పుతూ శిక్షణ ఇవ్వవచ్చని 8వ సెక్షన్ అనుమతిస్తుంది. నర్సరీ ఉన్న తోటలో నాటు, పెద్ద పాలీహౌస్‌లో ఫర్టిగేషన్, హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు సరుకు పంపే చోట వర్గీకరణ, కట్టలు కట్టడం నేర్పితే, ఖర్చు నలుగురూ పంచుకున్నట్టవుతుంది, నేర్చినవాడు ఎవరి దగ్గర చేరినా నష్టం ఒక్కరి మీద పడదు. సమష్టి శిక్షణ తెలుగు నేలకు కొత్తదీ కాదు. 1998లో హైదరాబాద్‌లో నిర్మాణ రంగం కోసం ప్రభుత్వం, బిల్డర్ల సంఘం కలిసి నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌ను స్థాపించినప్పుడు, తాపీ పని, కడ్డీల పని వంటివాటికి పద్ధతి ప్రకారం శిక్షణ, ధ్రువపత్రం వచ్చాయి. జర్మనీలో వారంలో కొన్ని రోజులు సంస్థలో, మిగతా రోజులు వృత్తి పాఠశాలలో గడిపే ద్వంద్వ విధానం నిలబడటానికీ యజమానుల సంఘాలు పాఠ్యక్రమం, పరీక్షల బాధ్యత పంచుకోవడం ముఖ్య కారణం.

అయితే పేరుకు శిక్షణ, తీరుకు చవక కూలీ కాకుండా చూడడం అత్యవసరం. గడువు ముగిశాక పరీక్ష, ధ్రువపత్రం, పెరిగిన వేతనం లేని శిక్షణ శిక్షణే కాదు. ఏళ్లుగా తోటల్లో పనిచేసి చేతులతోనే నేర్చుకున్నవారికి, వారి నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తింపునిచ్చే పూర్వ అనుభవ ధ్రువీకరణ ముందుగా జరగాలి, ఎందుకంటే కొత్తవారికి నేర్పగల గురువులు వారిలోంచే రావాలి. పూలు కోసి కట్టలు కట్టే పని స్త్రీలకు, మోటారు, ఎరువుల ట్యాంకు దగ్గరి పని పురుషులకు అప్పగించే అలవాటు పొలాల్లో ఉన్నదే. కూలి తేడాకు ఈ విభజన కూడా ఒక మూలం కనుక, చేవెళ్ల, మొయినాబాద్‌లలో రూపొందే ఏ పాఠ్యక్రమంలోనైనా ఫర్టిగేషన్ శిక్షణను స్త్రీలకు తొలి నెలలోనే తప్పనిసరి చేయాలి.