చక్రం మార్చారా.. బ్రేకు పలక చూసుకోండి

దిల్‌సుఖ్‌నగర్: పాత మోటారు సైకిళ్లను ముచ్చటపడి బాగు చేయించుకునే వారు నగర తూర్పు ప్రాంతంలో తక్కువేమీ కాదు. తండ్రి నడిపిన బుల్లెట్, అన్నయ్య కళాశాలకు తీసుకెళ్లిన యమహా ఆర్‌ఎక్స్ 100, మైసూరులో తయారైన యెజ్డీ.. ఇంటి మూలన పడి ఉన్న వీటికి రంగు వేయించి, ఇంజిన్ విప్పించి, చివరగా చక్రాల మీద పడతారు. తుప్పు పట్టిన రిమ్ము స్థానంలో వేరే వాహనం చక్రమో, పాత సామాన్ల దుకాణంలో దొరికినదో ఎక్కుతుంది. ఆ తరువాత రెండు ఫిర్యాదులు మొదలవుతాయి. మీటరు ముల్లు కదలదు, లేదా తప్పు చూపుతుంది. బ్రేకు పట్టదు, లేదా పట్టి వదలదు.

మొదటిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ కూడలి వరకు మెట్రో స్తంభాల వెంట సాగిపోయేందుకు మీటరుతో పనేమిటన్నది వారి వాదన. అయితే ఈ రెండు లోపాలకూ మూలం తరచూ ఒకేచోట ఉంటుంది. మొరాయించిన మీటరును బ్రేకు గురించిన ముందస్తు హెచ్చరికగా భావించడమే క్షేమం.

ఒకే పలకలో రెండు పనులు

1985 నుంచి 1996 వరకు మన దేశంలో తయారైన ఆర్‌ఎక్స్ 100నే తీసుకుందాం. దాని ముందు చక్రం డ్రమ్మును మూసి ఉంచే బ్రేకు పలకలోనే బ్రేకు షూలు, మీటరు తీగను తిప్పే వార్మ్ గేరు రెండూ అమరి ఉంటాయి. చక్రం తిరుగుతున్నా పలక మాత్రం కదలకూడదు. ఇందుకోసం ఫోర్కు కాలికి ముక్కులాంటి చిన్న దిమ్మె ఉంటుంది. పలకపై ఉండే గాడి దానిలో ఇమిడిపోవాలి. వేరే వాహనం పలకకు ఆ గాడి మరో చోట ఉండవచ్చు, వెడల్పు తేడా ఉండవచ్చు. అలాంటప్పుడు యాక్సిల్ నట్టు బిగింపు ఒక్కటే పలకను పట్టి ఉంచుతుంది.

వీధిలో నెమ్మదిగా తిప్పి చూసినప్పుడు ఏ తేడా కనిపించదు. అసలు ప్రమాదం హయత్‌నగర్ వైపు జాతీయ రహదారిపై 60 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేసినప్పుడే. పలక చక్రంతోపాటు తిరిగిపోతుంది. బ్రేకు తీగ, మీటరు తీగ యాక్సిల్‌కు చుట్టుకుని చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. వాహనదారు హ్యాండిల్ మీదుగా ముందుకు పడక తప్పదు. కనుక చక్రం బిగించగానే ముందు బ్రేకు నొక్కి పట్టి వాహనాన్ని ముందుకూ వెనక్కూ బలంగా నెట్టి చూడాలి. పలక వెంట్రుకవాసి కదిలినా ఆ చక్రంతో రోడ్డెక్కరాదు. వెనుక చక్రంలో ఇదే పని చేసేది టార్క్ రాడ్డు. దాని బోల్టుకు స్ప్లిట్ పిన్ను ఉండి తీరాలి.

మరో సాధారణ పొరపాటు వాషర్లతో సరిపెట్టడం. హబ్బు వెడల్పు తగ్గితే నాలుగైదు వాషర్లు పేర్చి బిగించేస్తారు. లేత్‌పై ఒకే ముక్కగా బుష్ తీయించడం సరైన పద్ధతి. రెండు బేరింగుల మధ్య ఉండే గొట్టాన్ని మరిచిపోతే నట్టు బిగించగానే చక్రం బరువుగా తిరుగుతుంది. దాన్ని బ్రేకు దోషంగా భ్రమించి షూలు అరగదీసిన వారూ ఉన్నారు!

షూలు డ్రమ్ము మధ్యకు రావాలంటే చిన్న కిటుకు ఉంది. యాక్సిల్ నట్టు కొంచెం వదులు చేసి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టి, అలాగే నట్టు బిగించాలి. డ్రమ్ము లోపల సుద్ద రాసి ఒకసారి బ్రేకు వేస్తే షూ ఎక్కడ తగులుతోందో తెలిసిపోతుంది. ఒక అంచునే తగులుతుంటే షూ మార్చాలి. డ్రమ్ములో గాళ్లు పడితే లేత్ పని తప్పదు. పాత షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. నోటితో ఊదకుండా తడి గుడ్డతో తుడవాలి.

ముల్లు ఎందుకు తప్పుతుంది?

తీగ తిరిగితే మీటరులోని అయస్కాంతం తిరుగుతుంది. అది అల్యూమినియం గిన్నెను తనవైపు లాగుతుంటే సన్నని స్ప్రింగు వెనక్కు లాగుతుంది. ముల్లు నిలిచేది ఆ రెంటి మధ్య. జపాన్ తరహా మీటర్లలో అధిక భాగం కిలోమీటరుకు తీగ 1400 చుట్లు తిరుగుతుందన్న లెక్కతో తయారైనవి. చక్రం చుట్టుకొలత లేదా వార్మ్ గేరు పళ్ల లెక్క మారితే ఆ సంఖ్య చెడుతుంది.

ఇక్కడ రిమ్ము కొలత చూసి మోసపోరాదు. 2.75-18 టైరు వ్యాసం సుమారు 597 మిల్లీమీటర్లు. అదే 2.75 టైరును 17 అంగుళాల రిమ్ముకు వేస్తే వ్యాసం 572కు తగ్గుతుంది. అసలు వేగం 50 ఉంటే మీటరు 52 చూపుతుంది. 17 అంగుళాల రిమ్ముకే 90/90 టైరు వేస్తే వ్యాసం 594 వస్తుంది, తేడా దాదాపు ఉండదు. టైరుపై సుద్ద గీత గీసి, మనిషి కూర్చుని ఉండగా ఒక చుట్టు దొర్లించి నేల మీద టేపుతో కొలిస్తే కచ్చితమైన లెక్క చేతికొస్తుంది.

తేడా పది, ఇరవై కిలోమీటర్లు ఉంటే దోషం టైరుది కాదు, వార్మ్ గేరుది. వార్మ్, పినియన్ జతగానే మార్చాలి. ముల్లు అసలే కదలకపోతే హబ్బులోని గాళ్లలో గేరు చెవులు కూర్చోలేదని అర్థం. ముల్లు వణుకుతుంటే తీగ ఎక్కడో మెలిక పడి ఉంటుంది, లేదా ఎండిపోయి ఉంటుంది. గ్రీజు పూయవచ్చు గానీ మీటరు వైపు చివరన పూయకూడదు, లోపలికి ఎక్కుతుంది. జావా, యెజ్డీల్లో తీగ గేరుపెట్టె నుంచి వస్తుంది గనుక ముందు చక్రం మార్చినా మీటరు చెడదు. వెనుక టైరు, చైను స్ప్రాకెట్లు మారితేనే తేడా.

డ్రమ్ము తీసేసి డిస్కు పెట్టించుకునే మోజు ఇటీవల పెరిగింది. కాలిపర్ పట్టీని పాత ఫోర్కుకు వెల్డింగ్ చేయడం అన్నిటికన్నా చెడ్డ పని. డిస్కు కావాలంటే ఫోర్కు, చక్రం, కాలిపర్, మాస్టర్ సిలిండర్ ఒకే వాహనానివి కావాలి. అప్పుడు కూడా చట్టం అడ్డొస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, పునః రిజిస్ట్రేషన్‌కు రూ.5 వేలు రుసుము. తొలి ఆర్‌ఎక్స్ 100లకు ఆ వయసు రావాలంటే 2035 వరకు ఆగాలి. 1960ల నాటి జావా, బుల్లెట్ ఉన్నవారు మాత్రం విప్పిన పాత చక్రాన్ని, బ్రేకు పలకతో సహా, తూకానికి అమ్మకుండా అటకపై దాచుకోవడం మంచిది.