10 డాలర్ల షేర్‌తో టీమ్‌ను కాపాడుకున్న రోచెస్టర్

అమెరికాలో బేస్‌బాల్ టీమ్ అంటే సాధారణంగా ఎవరో ఒక కోటీశ్వరుడి ఆస్తి. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ సంగతి వేరు. కొడాక్ కంపెనీ పుట్టిన ఈ ఊళ్లో రెడ్ వింగ్స్ టీమ్‌కు ఓనర్లు జనమే.

మైనర్ లీగ్ అంటే మేజర్ లీగ్‌కు కింది మెట్టు. ఆటగాళ్లను పంపేది, జీతాలిచ్చేది పెద్ద క్లబ్. మైదానం, టికెట్ల అమ్మకం స్థానిక టీమ్ చూసుకుంటుంది. పెద్ద క్లబ్ చేతులు దులుపుకుంటే ఊరికి ఆటే లేకుండా పోవచ్చు.

1957లో అదే పరిస్థితి వచ్చింది. అప్పటి ఓనర్ సెయింట్ లూయిస్ కార్డినల్స్ టీమ్‌ను వదిలించుకోవాలనుకుంది. స్థానిక వ్యాపారి మోరీ సిల్వర్ ముందుకొచ్చి షేర్లు అమ్మించారు. ఒక్కోటి 10 డాలర్లు. 72 రోజుల్లో 8,222 మంది వాటాదారులయ్యారు. టీమ్‌తో పాటు స్టేడియం కూడా వాళ్లదైంది. ఇది చందా కాదండీ. చందా ఇస్తే రసీదు మిగులుతుంది, షేర్ కొంటే ఓటు ఉంటుంది. 1968లో స్టేడియానికి సిల్వర్ పేరే పెట్టారు.

1981లో పావ్‌టకెట్‌తో మ్యాచ్ మరీ విడ్డూరం. 9 ఇన్నింగ్స్‌లో ముగియాల్సింది తెల్లవారుజామున 4:07కి 32 దగ్గర ఆగింది. జూన్‌లో ఇంకొకటి ఆడాక రెడ్ వింగ్స్ 3-2తో ఓడింది.

పై క్లబ్ మాత్రం మారుతూనే ఉంది: 1961లో బాల్టిమోర్, 2003లో మిన్నెసోటా, 2021 నుంచి వాషింగ్టన్. వాటాదారుల కంపెనీ ఇప్పటికీ అదే.