పుట్టగొడుగా, విషపు గొడుగా?



తొలకరి జల్లులు పడి నాలుగు ఉరుములు ఉరిమాయంటే చాలు, తెల్లవారేసరికి పుట్టల చుట్టూ, గట్ల వెంట, అడవి అంచుల్లో గొడుగులు లేస్తాయి. పిల్లలు, పెద్దలు గంపలు పట్టుకొని బయలుదేరుతారు. కూర రుచిగానే ఉంటుంది. కాని ఆ గంపలో ఒక్క విషపు గొడుగు కలిసినా ఇంటిల్లిపాది ప్రాణం మీదికి రావచ్చు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. కనుక వాటి గుర్తులు చెప్పుకొందాం.

ముందు అసలు పుట్టగొడుగు సంగతి. మనమే కాదు, చెదలు కూడా వ్యవసాయం చేస్తాయి! ఆకూ అలమూ, పుల్లా పుడకా నమిలి, పుట్ట లోపల తేనెపట్టులాంటి గూడు కట్టి, దానిమీద ఒక రకం బూజును పెంచుతాయి. వానకు నేల మెత్తబడగానే ఆ బూజే గొడుగై పైకి వస్తుంది. అందుకే పెద్ద రకాల్లో కాడ నేలలో వేరులాగా దిగి ఆ గూటిదాకా పోతుంది. గొడుగు నడినెత్తిన మొనదేలిన బొడిపె ఉంటుంది. కాడ మొదట తిత్తి ఉండదు.

ప్రాణం తీసేవాటిలో ముఖ్యమైనది అమానిటా జాతి. దీని కాడ మొదట పగిలిన గుడ్డు పెంకులాంటి తిత్తి ఉంటుంది. గొడుగు కింది రేకులు సాధారణంగా తెల్లగా ఉంటాయి. కాడకు ఉంగరం కూడా ఉంటుంది. అయితే ఉంగరం కొన్ని మంచి రకాలకూ ఉంటుంది గనుక దాన్నిబట్టి తేల్చరాదు. కాడను కోసి తెస్తే తిత్తి మట్టిలోనే ఉండిపోతుంది. అందుచేత గొడుగును కోయవద్దు, చుట్టూ తవ్వి మొదలంటా తీయండి.

పచ్చిక బయళ్లలో గోధుమరంగు పొలుసులతో పెద్ద తెల్ల గొడుగు ఒకటి మొలుస్తుంది. దాని రేకులు లేతలో తెల్లగా ఉండి, ముదిరితే ఆకుపచ్చబారుతాయి. అది తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకొంటాయి.

ఇంకొక పరీక్ష ఉంది. విచ్చుకొన్న గొడుగును తెల్లకాగితంమీద బోర్లించి, పైన గిన్నె మూసి రాత్రంతా ఉంచండి. పుట్టగొడుగు బీజాల పొడి లేత గులాబి రంగులో రాలుతుంది. తెలుపుగాని, ఆకుపచ్చగాని రాలితే పారవేయండి. గులాబి రంగు పడినంత మాత్రాన మంచిదని తీర్మానించవద్దు. అన్ని గుర్తులూ కలవాలి. ఆ రకాన్ని ఏళ్ల తరబడి ఎరిగిన పెద్దలూ ఔననాలి.

వెండి నాణెం నల్లబడకపోతే మంచిదనీ, పురుగు తిన్నది మనమూ తినవచ్చుననీ కొందరంటారు. ఈ మాటలు నమ్మకండి. అమానిటా విషం ఎంత ఉడికించినా పోదు.

మరొక మోసమేమంటే, ఈ విషం వెంటనే బయటపడదు. సాధారణంగా 6 గంటలు దాటిన తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మరునాటికి తగ్గినట్లే ఉంటుంది. కాని లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. తగ్గిందిగదా అని ఊరుకోక, మొదటి వాంతికే ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. మిగిలిన గొడుగు ముక్కలు కాగితంలో చుట్టి వెంట తీసుకుపోండి. ఆ కూర తిన్నవారందరినీ, బాగున్నవారిని సైతం, డాక్టరుకు చూపించండి.

విస్తరణ కార్యకర్తలు తొలకరికి ముందే ఈ సంగతులు ఊరూరా చెప్పాలి. ఆ తిత్తి ఎలా ఉంటుందో బొమ్మ గీసి చూపిస్తే మరీ మంచిది.

సందేహం ఉన్న గొడుగు పెంటమీదికే పోవాలిగాని, పొయ్యిమీదికి రాకూడదు.