పడవలో నీరు తోడే పంపు.. ఎంపికలో ఏమరుపాటు వద్దు

ఉప్పాడ కొత్తపల్లి: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు అమలయ్యే వేట నిషేధ సమయంలోనే మత్స్యకారులు ఇంజిన్‌ పడవలకు మరమ్మతులు చేయిస్తుంటారు. వలలు, ఇంజిన్లపై చూపే శ్రద్ధను పడవలో చేరే నీటిని తోడే బిల్జ్‌ పంపుపైనా చూపడం అవసరం.

నీటిమట్టానికి అడుగు లోతున అంగుళం రంధ్రం పడితే నిమిషానికి 40 లీటర్లకు పైగా నీరు లోపలికి చేరుతుంది. గంటకు 500 గ్యాలన్లని రాసి ఉన్న పంపు తోడేది నిమిషానికి సుమారు 31 లీటర్లే. అదీ నీటిని పైకి ఎత్తే పని లేనప్పటి లెక్క. గొట్టం ఎత్తు, వంపులు, బ్యాటరీ బలహీనత వల్ల అది ఇంకా తగ్గుతుంది. అందువల్ల చిన్న పడవకైనా కనీసం దానికి రెట్టింపు సామర్థ్యం గల పంపు ఎంచుకోవడం శ్రేయస్కరం.

పంపును నీరు నిలిచే అత్యంత పల్లపు చోట బిగించాలి. ఇంజిన్‌ బరువు కారణంగా సాధారణంగా అది పడవ వెనుక భాగమే అవుతుంది. పడవ నీటిపై ఉండగా లోపల ఒక బకెట్‌ నీరు పోస్తే ఆ చోటు ఇట్టే తెలుస్తుంది. నీరు బయటకు పోయే గొట్టం మూతి, పడవ నిండు బరువుతో ఉన్నప్పుడు కూడా నీటిమట్టానికి పైనే ఉండాలి. లేకుంటే సముద్రపు నీరే వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. తేలియాడే స్విచ్‌ను ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి కలిపితే మెయిన్‌ స్విచ్‌ ఆపినా పంపు పనిచేస్తుంది. వల ముక్కలు, చెత్త అడ్డుపడకుండా పంపు జల్లెడను వేటకు వెళ్లే ప్రతిసారీ శుభ్రపరచాలి. ఎంత మంచి పంపు ఉన్నా, చేతితో తోడేందుకు బకెట్‌ పడవలో ఉండి తీరాలి.